పోలియో చుక్కలు వేయగలిగాం, నెలనెలా మాత్ర ఎందుకు ఇవ్వలేకపోతున్నాం?

[తెర మీద: ల్యాబ్ చీటీ. రెండు వరుసలే కనబడాలి.]

ఈ చీటీ మేం తయారు చేసింది, నిజం మనిషిది కాదు. కాకపోతే ఇలాంటివి మన ప్రభుత్వాసుపత్రుల్లో రోజూ రాస్తూనే ఉంటారు. వయసు 46. బరువు 44 కిలోలు. తాపీ పని. పై వరుసలో కఫం పరీక్ష: టీబీ ఉంది. కింది వరుసలో పరగడుపు షుగర్: 240.

ఇతన్ని మేస్త్రీ అని పిలుద్దాం. వీడియో అయ్యేదాకా మనతోనే ఉంటాడు.

టీబీ అంటే తిండి లేనివాడి జబ్బు, షుగర్ అంటే తిండి ఎక్కువైనవాడి జబ్బు. మన ఇళ్లలో పెద్దవాళ్ల లెక్క ఇదే. పుస్తకాల లెక్కా దీనికి మరీ దూరం కాదు. దేశం బీదగా ఉన్నంతకాలం కలరా, క్షయ, మలేరియా చంపుతాయి, డబ్బొచ్చాక అవి తగ్గి గుండెపోటు, షుగర్, క్యాన్సర్ మొదలవుతాయి అని 1971లో అబ్దెల్ ఓమ్రాన్ అనే పరిశోధకుడు ఒక సిద్ధాంతం రాశాడు. పాతవి దిగిపోతాయి, కొత్తవి ఎక్కుతాయి, బస్సులో సీట్ల లాగా.

మన బస్సులో ఎవరూ దిగలేదు.

[తెర మీద: రెండు అంకెలు పక్కపక్కన]

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో భారతదేశంలో కొత్తగా టీబీ వచ్చినవాళ్లు సుమారు 28 లక్షలు. ప్రపంచం మొత్తంలో నాలుగో వంతు. అదే దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైచిలుకు, ఆ గడప దాకా వచ్చి నిలబడ్డవాళ్లు ఇంకో 13 కోట్ల 60 లక్షలు. ఇది భారత వైద్య పరిశోధన మండలి చేయించిన దేశవ్యాప్త సర్వే లెక్క, 2023లో అచ్చయింది.

రెండూ వేరువేరు జనానికి వస్తే ఒక ఇబ్బంది. కానీ షుగర్ ఉన్న ఒంటికి టీబీ సోకే ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువ. టీబీ వస్తే షుగర్ ఓ పట్టాన అదుపులోకి రాదు. అవి ఒకదానికొకటి దారి చూపించుకుంటాయి.

సరే, 44 కిలోల మనిషికి షుగర్ ఏమిటి? దీని దగ్గర కాసేపు ఆగుదాం. ఈ కథ చాలామందికి తెలియదు.

పుణె దగ్గరి పల్లెల్లో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం పుట్టిన బిడ్డల్ని కొలిచింది, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ బిడ్డలతో పోల్చింది. అక్కడి బిడ్డ సగటు బరువు మూడున్నర కిలోలు. ఇక్కడ 2.7. అంతవరకు ఆశ్చర్యం లేదు. చర్మం కింద కొవ్వు కొలిచినప్పుడు వచ్చింది అసలు సంగతి. మన బిడ్డల్లో కండ తగ్గింది, పొట్టలో అవయవాలు చిన్నవయ్యాయి, కొవ్వు మాత్రం ఆ నిష్పత్తిలో తగ్గలేదు. చూడటానికి బక్క, లోపల కొవ్వు. తల్లి కడుపులో ఉండగానే ఆ ఒళ్లు కరువుకు సిద్ధమైపోయింది. పెద్దయ్యాక కరువు రాలేదు. మూడు పూటలా పాలిష్ పట్టిన బియ్యం వచ్చింది, తీపి టీ వచ్చింది, కూర్చుని చేసే పని వచ్చింది. కండ తక్కువైన ఒంటికి ఆ చక్కెరను వాడుకునే చోటే లేదు.

మన మేస్త్రీ కూర్చుని పనిచేసేవాడు కాదనుకోండి. అయినా తల్లి కడుపులో రాసుకొచ్చిన లెక్క ఇటుకలు మోసినంత మాత్రాన పూర్తిగా చెరిగిపోదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత. అంతకుముందు సర్వేలో 53. పెరిగింది! అదే సర్వేలో నలుగురిలో ఒకామెకు బరువు ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లోనైతే మూడింట ఒక వంతు పైనే. బరువెక్కువైన ఒంట్లోనే ఇనుము చాలకపోవడం వింతేమీ కాదు. కడుపు నిండుతోంది, నిండేది బియ్యంతోనే. పోషకాహార లోపం అనగానే ఎముకల గూడు బొమ్మ వేసే అలవాటు మన టీవీలు మానుకుంటే బాగుంటుంది.

[తెర మీద: తలుపు మీద సుద్దతో రాసిన గుర్తు]

ఇప్పుడు మనం గెలిచిన కథ. ఇది గర్వంగానే చెప్పుకోవాలి.

మన దేశంలో మశూచి చివరి కేసు 1975. మన ఊళ్లలో అమ్మవారు పోసిందనేవాళ్లే, ఆ జబ్బు ఇక లేదు. పోలియో ఆఖరి కేసు 2011 జనవరిలో, పశ్చిమ బెంగాల్‌లోని హావ్‌డాలో. 2014 మార్చి 27న పోలియో రహితమని ధ్రువపత్రం వచ్చింది. నిపుణుల్లో చాలామంది ఈ దేశంలో పోలియో పోవడం అందరికన్నా ఆఖరున జరుగుతుందని అనుకున్నారు. ఎలా పోయింది? ఒక ఆదివారం. బూత్‌లో రెండు చుక్కలు. బిడ్డ ఎడమచేతి చిటికెన వేలి మీద సిరా చుక్క. మర్నాటి నుంచి ఇంటింటికీ నడక, తలుపు మీద సుద్ద గుర్తు: ఈ ఇంట్లో అందరికీ వేశాం, ఈ ఇంటికి మళ్లీ రావాలి. కదిలే రైళ్లలో వేశారు, ఇటుక బట్టీల దగ్గర వేశారు.

ఈ దేశానికి ఆరోగ్యం చేతకాదు అనేవాళ్లకు నేను ఆ సుద్ద గుర్తు చూపిస్తాను. ఒక తేదీ పెట్టి, ఒక పని చెప్పి, లక్షల మందిని వీధుల్లోకి దింపడం మనకు వచ్చినంత బాగా బహుశా ఎవరికీ రాదు. ఎన్నికలు నడిపే దేశం కదా.

ఇక మలేరియా. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఏటా ఏడున్నర కోట్ల కేసులని అంచనా. 1950ల్లో డీడీటీ అనే దోమల మందు చల్లారు. 1960ల మొదట్లో కేసులు లక్షకు పడిపోయాయి. అయిపోయిందనుకున్నారు. పర్యవేక్షణ పలచబడింది, దోమ డీడీటీకి అలవాటు పడింది, పట్టణాల్లో నీళ్లు నిలిచాయి. 1976లో 64 లక్షల కేసులు. దోమలతోనే మలేరియా వస్తుందని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1897లో. కనిపెట్టడం ఒక ఎత్తు. ఏ పండగ లేని మంగళవారం నాడు కూడా ఎవరో ఒకరు వెళ్లి తొట్టిలో నీళ్లు చూడటం ఇంకో ఎత్తు.

నా వాదన ఇక్కడే ఉంది. ఒక్కరోజు పని మనకు వచ్చు. రోజూ చేయాల్సిన పని దగ్గర తడబడుతున్నాం. ఇప్పుడు మీద పడ్డవన్నీ, టీబీ, షుగర్, బీపీ, రోజూ చేయాల్సిన పనులే.

[తెర మీద: పాత మద్రాసు పటం]

టీబీ మందులు లేని రోజుల్లో చికిత్స అంటే శానిటోరియం. మంచి గాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం అలా వెలిసిందే. తర్వాత మందులొచ్చాయి. కానీ ఇన్ని లక్షల మందికి మంచాలెక్కడివి? మద్రాసులో ఒక ప్రయోగం చేశారు. దాదాపు రెండు వందల మంది బీద రోగుల్ని తీసుకుని, సగం మందిని శానిటోరియంలో పెట్టారు, సగం మందికి ఇంటి దగ్గరే మందులిచ్చారు. ఇంటి దగ్గరున్నవాళ్లు ఇరుకు గదుల్లో ఉన్నారు, తిండి అంతంత మాత్రం, కొందరు పనికి కూడా వెళ్లారు. ఫలితం 1959లో అచ్చయింది: రెండు చోట్లా దాదాపు ఒకేలా నయమైంది. ఇంట్లోవాళ్లకు అంటుకోవడంలోనూ పెద్ద తేడా లేదు. ప్రపంచమంతా శానిటోరియాలు మూసేయడానికి ఆ ప్రయోగం కూడా ఒక కారణం. మద్రాసు చెప్పింది, ప్రపంచం విన్నది.

అయితే దానికో నీడ కూడా ఉంది. తిండి బాగాలేకపోయినా మందు పనిచేసింది కాబట్టి తిండి మాట వెనకబడింది. మందు బిళ్లే చికిత్స అయిపోయింది. మళ్లీ తిండి గురించి గట్టి లెక్క రావడానికి 2023 దాకా పట్టింది. జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో, పది వేల పైచిలుకు మందితో ఒక ప్రయోగం. టీబీ రోగులందరికీ తిండి సరుకులిచ్చారు. తేడా ఇంట్లోవాళ్ల దగ్గర. సగం ఇళ్లలో వాళ్లకు కూడా ఇచ్చారు, నెలకు మనిషికి ఐదు కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ బిళ్లలు. అంతే. ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. కందిపప్పు టీకా లాగా పనిచేసింది!

రోగికి తిండి కోసం కేంద్రం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఖాతాలో వేసింది. 2024 నవంబరు నుంచి అది వెయ్యి అయింది. మంచిదే. కానీ ఇంట్లో నలుగురుంటే ఆ వెయ్యిలో ఎంత పప్పు వస్తుందో ఇల్లు నడిపేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. 2025 కల్లా టీబీని అంతం చేస్తామని పెట్టుకున్న గడువు దాటిపోయింది. 2015లో లక్షకు 237 కొత్త కేసులుండేవి, 2023కి 195. తగ్గింది, గడువుకు తగ్గట్టు తగ్గలేదు.

మేస్త్రీ దగ్గరికి వద్దాం. టీబీకి ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు. కొద్ది వారాలకే దగ్గు తగ్గుతుంది, ఒంట్లో కాస్త సత్తువ వస్తుంది. మానేసేది సరిగ్గా అక్కడే. ఓపీ పొద్దున. పనీ పొద్దున. క్యూలో నిలబడితే ఆ రోజు కూలి పోయినట్టే. సాయంత్రం తెరిచి ఉండేది ఎవరంటే ఆర్ఎంపీ. ఆయన్ను తిట్టడం తేలిక. కానీ రాత్రి ఎనిమిదింటికి తలుపు తీసేది ఆయనొక్కడే. ఇంజెక్షన్ పొడుస్తాడు, మూడు రోజుల యాంటీబయోటిక్ ఇస్తాడు, అప్పుకు కూడా ఇస్తాడు.

(యాంటీబయోటిక్ అన్నాక ఒక్క మాట. 2007లో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లను స్వీడన్ పరిశోధకులు పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ కనబడింది. ఆ బిళ్ల మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. లోకానికి మందులమ్మే మన ఊరి నీళ్లలోనే సూక్ష్మజీవులు మందును ఓడించడం నేర్చుకుంటున్నాయి. దీని మీద వేరే వీడియో చేస్తాను.)

బీపీ కథ ఇంకా మొండిది. నొప్పి ఉండదు, దగ్గు ఉండదు. ముప్పై అయిదు శాతం పెద్దవాళ్లకు ఉందని, ఇందాక షుగర్ లెక్క చెప్పిన వైద్య పరిశోధన మండలి సర్వేయే తేల్చింది. మరి దేశం డబ్బు ఎక్కడ పెడుతోంది? 2007లో మన దగ్గర ఆరోగ్యశ్రీ వచ్చింది, 2018లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ తెచ్చింది, ఇంటికి ఏడాదికి ఐదు లక్షల దాకా. ప్రాణాలు నిలిపిన పథకాలివి, కాదనను. కానీ కేంద్ర పథకం ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తుంది. పక్షవాతం వచ్చి పడిపోతే కార్డు పనికొస్తుంది. పక్షవాతం రాకుండా ఆపే బిళ్లకు కార్డు పనికిరాదు. ఆ బిళ్ల పీహెచ్‌సీలో ఉచితమే, ఉన్న రోజున. లేని రోజున మందుల షాపు. 2021-22లో దేశం మొత్తం ఆరోగ్య ఖర్చులో 39 శాతం జనం జేబుల్లోంచే పోయింది, అందులో పెద్ద వాటా మందులదే.

రోజూ పని అసలు రాదని కాదు, నేర్చుకున్న చోట్లున్నాయి. 2017 చివర్లో తెలంగాణ, కేరళ, పంజాబ్, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌లలో 25 జిల్లాల్లో బీపీ కోసం ఒక కార్యక్రమం మొదలైంది. అందులో కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. డాక్టర్‌ను బట్టి మారని ఒకే మందుల వరుస. వచ్చిన ప్రతిసారీ 30 రోజుల బిళ్లలు. దగ్గరలోని సబ్‌సెంటర్‌లోనే ఏఎన్ఎం దగ్గర తీసుకునే వీలు. రానివాళ్ల పేర్లు చూసి ఫోన్ చేయడం. చెప్పుకోవడానికి చప్పగా ఉంది కదూ? టీవీలో చూపించడానికి ఏమీ లేదు. 2022లో దానికి ఐక్యరాజ్యసమితి అవార్డొచ్చిందని మీలో ఎంతమంది విన్నారు?

1946లో, దేశంలో ఆరోగ్య సేవలు ఎలా ఉండాలో చెప్పమని ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ పల్లెల కోసం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గీత గీసింది. మన మేస్త్రీ ఆ గీతలో లేడు. ఊళ్లో ఆశా అమ్మాయికి అతని ఇల్లు తెలుసు, అతను మాత్రం ఇంట్లో లేడు. నగరంలో కడుతున్న భవనం మూడో అంతస్తులో పడుకుంటాడు, ఆ అంతస్తుకు డోర్ నంబరు లేదు.

[తెర మీద: బస్ స్టాండ్, రాత్రి]

నాలుగో నెలలో భవనం అయిపోతుంది. మేస్త్రీ ఇంకో నగరం బస్సెక్కుతాడు. టీబీ వివరాలు టీబీ రోగుల కోసం ప్రభుత్వం నడిపే నిక్షయ్ పోర్టల్‌లో ఉన్నాయి, కొత్త ఊళ్లో ఆ నంబరు చెబితే మిగిలిన మందులు అక్కడే ఇస్తారు. చొక్కా జేబులో ఆ కార్డుంది. దాని వెనక నాలుగు మడతలు పెట్టిన షుగర్ చీటీ ఉంది. చెమటకు సగం అక్షరాలు అలుక్కుపోయాయి. ఏ మాత్ర, ఎన్నిపూటలు అన్నది కొత్త ఊళ్లో ఎవరైనా అడిగితే, గుర్తున్నంత వరకు అతనే చెప్పాలి.