ఎండకు ఎత్తు పెరిగే రన్‌వే

శ్రోతలకు నమస్కారం. నాలుగు సీట్లు, ఒక ఇంజను ఉన్న చిన్న విమానం ఒకటి ఊహించుకోండి. పొద్దున్నే సగం రన్‌వే కూడా దాటకుండా గాలిలోకి లేచిన ఆ విమానమే, అంతే బరువుతో మిట్టమధ్యాహ్నం చాలా దూరం పరుగెత్తితే గాని నేల వదలదు. విమానానికి ఏ జబ్బూ లేదు. ఎండకు గాలి పలుచబడింది, అంతే.

విమానయాన లెక్కలకు ప్రమాణం సముద్రమట్టం వద్ద 15 డిగ్రీల సెల్సియస్. పీడనం మారకుండా వేడి 40 డిగ్రీలకు చేరితే గాలి సాంద్రత దాదాపు 8 శాతం తగ్గుతుంది. ఎనిమిది శాతమేగా అనుకోకండి, దెబ్బ మూడు చోట్ల పడుతుంది. టర్బోచార్జరు (గాలిని ఒత్తి ఇంజనులోకి పంపే పరికరం) లేని ఇంజనుకు పీల్చుకునే గాలి చాలక శక్తి తగ్గుతుంది. ప్రొపెల్లరు వెనక్కి నెట్టే గాలీ పలుచనిదే. రెక్కలేమో అదే బరువును మోయాలంటే ఇంకా వేగం కావాలంటాయి.

ఈ పలుచదనాన్ని పైలట్లు అడుగుల్లో కొలుస్తారు, అంటే గాలి ఎంత ఎత్తున ఉండేంత పలుచగా ఉందో చెబుతారు. దాన్ని డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు. 5,000 అడుగుల ఎత్తున ఉన్న విమానాశ్రయంలో ప్రామాణిక ఉష్ణోగ్రత సుమారు 5 డిగ్రీలు. అక్కడ 35 డిగ్రీల ఎండ కాస్తోందనుకుందాం. అదనంగా ఉన్న ఒక్కో డిగ్రీకి దాదాపు 120 అడుగుల చొప్పున ఆ ఎత్తుకు కలపాలి. ముప్పై డిగ్రీలకు 3,600 అడుగులు. చక్రాలు ఇంకా కదలనే లేదు, విమానం మాత్రం 8,600 అడుగుల ఎత్తులో ఉన్నట్టే లెక్క! గాలిలో తేమ ఉంటే ఇంకాస్త నష్టం. ఉక్కగా ఉన్న గాలి బరువని చాలామంది అనుకుంటారు గాని, నీటి ఆవిరి పొడి గాలి కన్నా తేలిక.

నన్నడిగితే అసలు ప్రమాదం నేల వదిలాక మొదలవుతుంది. వేగం చూపే ముల్లు కూడా గాలి ఒత్తిడితోనే పనిచేస్తుంది కాబట్టి, విమానం లేచే వేగం దానిమీద ఎప్పటి అంకే. ఆ అంకె వచ్చేసరికి చక్రాల కింద నేల మాత్రం మామూలుకన్నా జోరుగా వెనక్కి పోతుంటుంది. రన్‌వే అయిపోతోందని కంగారుపడి పైలట్ ముందే ముక్కు పైకెత్తాడనుకోండి, నేలకు దగ్గరగా రెక్కలకు దొరికే అదనపు ఊతంతో విమానం లేస్తుంది. కొన్ని అడుగులు పైకి పోగానే ఆ ఊతం పోతుంది. ఎదురుగా చెట్లు, ఇంజనులో శక్తి లేదు.

అందుకే బయలుదేరే ముందే విమానం లేవడానికి ఎంత పరుగు కావాలో తయారీదారు ఇచ్చిన పట్టికలు చూడాలి. అవి కొత్త విమానంతో, చేయి తిరిగిన పైలట్ నడిపితే వచ్చిన అంకెలు. వాటికి ధారాళంగా కలుపుకోవాలి. బరువు పది శాతం తగ్గిస్తే పరుగు సుమారు ఇరవై శాతం తగ్గుతుంది కాబట్టి ఒక ప్రయాణికుణ్ణి దింపినా నామోషీ కాదు. ఎత్తైన చోట గాలి పలుచన కాబట్టి, ఇంజనులో గాలితో కలిసే ఇంధనం వాటా కూడా తగ్గించాలి.

పైలట్లు పాటించే మోటు లెక్క ఒకటుంది. సగం రన్‌వే అయ్యేసరికి, లేవడానికి కావలసిన వేగంలో 70 శాతం రాకపోతే థ్రాటిల్ మూసి, బ్రేకు వేసి, సాయంత్రం చల్లబడేదాకా ఆగడమే. ఆపడానికి మిగతా సగం రన్‌వే అప్పటికింకా ముందే ఉంటుంది.