పాత్ర ఖాళీ లేదు
(తెలుగు నాటక రంగస్థల దినోత్సవం సందర్భంగా విజయనగరంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలను పేరుపేరునా సంబోధించడం మర్యాదే గాని, నాకంటే ముందు మాట్లాడిన నలుగురూ ఆ మర్యాద నాలుగుసార్లు జరిపి ఉన్నారు కనుక, ఐదోసారి కూడా వారిచేత తల ఊపించడం భావ్యం కాదు. శాలువా కప్పిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. ఏప్రిల్ ఎండల్లో శాలువా కప్పించుకోవడం కూడా ఒక నటనే అని మా గురువుగారు అనేవారు.

తెలుగు నాటకానికి దారి వేసిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1848 ఏప్రిల్ 16న పుట్టారు కాబట్టి ఈ రోజును మనం నాటకానికి కేటాయించుకున్నాం. "రంగస్థల నటుడికి పాత్రలు ఎలా వస్తాయి, వచ్చినవాటితో అతను ఎలా ఎదుగుతాడు" అన్న విషయం మీద కుర్రవాళ్ళకు నాలుగు మాటలు చెప్పమన్నారు. మూడు భాగాలుగా నోట్సు రాసుకొచ్చాను: పాత్రను సంపాదించుకోవడం, నిలబెట్టుకోవడం, దాని మీద బతకడం. మూడో భాగం సగం పేజీ కూడా రాలేదు. కారణం ఇక్కడ కూర్చున్న పెద్దలకు తెలుసు.

ఈ ఊళ్ళో పుట్టిన నాటకంతోనే మొదలుపెడతాను. 1892లో జగన్నాథ విలాసినీ సభవారు కన్యాశుల్కాన్ని ఇక్కడ మొదటిసారి ఆడారు. ఆ నాటకం గురించి ఉపన్యాసాలు విని విని మీకు విసుగెత్తి ఉంటుంది గాని, అందులో పాత్ర ఇవ్వడం, పాత్ర తీసుకోవడం అనే వ్యవహారం ఒకటి కథలోనే ఉన్నదని ఎందరు గమనించారో తెలియదు. కరటకశాస్త్రి నాటకాల్లో విదూషకుడి వేషం కట్టేవాడు. మేనకోడలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు కట్టబెట్టకుండా తప్పించడానికి అతనికి ఒక ఆడపిల్ల వేషం కావలసి వచ్చింది. ఆ వేషం కోసం అతను పది ఊళ్ళు తిరగలేదు, పరీక్షలు పెట్టలేదు. పక్కనే, చదువు మీద విసుక్కుంటూ ఒక శిష్యుడున్నాడు. పిల్లనిచ్చి పెళ్ళి చేస్తానని ఆశపెట్టి, చీర కట్టించి, ఆ శిష్యుణ్ణే పెళ్ళికూతుర్ని చేశాడు. ఆ కుర్రవాడికి పాత్ర ఎందుకు వచ్చింది? ఆ సమయానికి గురువు పక్కన ఉన్నాడు కాబట్టి వచ్చింది.

గుంటూరు వైపు నుంచి మరొక ఉదాహరణ. స్త్రీ పాత్రలకు పెట్టింది పేరై, 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావుగారు మొదట రంగమెక్కింది బాపట్లలో, హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి వేషం వేయవలసిన నటుడు రాని రోజున. రాకపోయిన ఆ నటుడు ఎవరో మనలో ఎవరికీ గుర్తు లేదు. ఆ రోజు స్థానంవారికి కంఠమూ అందమూ ఉన్నాయి, నిజమే. కాని పక్కన లేనివాడికి కంఠం ఎంత ఉంటే మాత్రం ఏం లాభం?

ఇక నా సంగతి. నేను గుమాస్తా ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రం ఏడు గంటలకు ఒక నాటక సమాజం రిహార్సల్స్‌కు వెళ్ళేవాణ్ణి. మొదటి మూడేళ్ళూ నాకు ఒక్క మాట కూడా ఇవ్వలేదు. స్క్రిప్టు చేతిలో పెట్టి, "నువ్వు ప్రాంప్టింగ్ చూడు నాయనా" అన్నారు. టీలు తెప్పించడం, సెట్టింగు బల్లలు మోయడం, సైడ్ వింగులో చిన్న కుర్చీ వేసుకుని మాట మరిచినవాడికి అందించడం, ఇదీ నా కళాసేవ. నాతో పాటు చేరిన ఇద్దరు ఆరు నెలలకే అలిగి వెళ్ళిపోయారు. నేను వెళ్ళకపోవడానికి ఓపిక కారణం కాదు. ఇంట్లో ఫ్యాను లేదు, రిహార్సల్ గదిలో ఉంది.

ఆ కుర్చీలో కూర్చుంటే ఒక చిత్రం జరుగుతుంది. నటుడు తన పోర్షన్, అంటే తన వంతు మాటలు మాత్రమే బట్టీ పడతాడు. ప్రాంప్టరుకు ఎవరి పోర్షన్ అన్న తేడా లేదు. ఎవరు ఏ మాట దగ్గర తడబడతారో, ఎవరు ఎదుటివాడి మాట పూర్తికాకముందే ఊపిరి పీల్చుకుని తన వంతుకు సిద్ధమైపోతారో, ఏ ఎంట్రీ అరక్షణం ఆలస్యమైతే సన్నివేశం చచ్చిపోతుందో అతనికి తెలిసిపోతుంది. మూడేళ్ళలో నేను నాలుగు నాటికలు, అన్ని పాత్రలతో సహా, కళ్ళు మూసుకుని అప్పజెప్పగలిగే స్థితికి వచ్చాను. అయితే అది నటన అని నేను అనుకోలేదు, నాకెవరూ చెప్పలేదు.

పార్వతీపురంలో ఒక ప్రదర్శన రోజున, మా నాటికలో పెద్దన్నగారి పాత్ర వేసే ఆయన డ్యూటీ దిగలేక ఆగిపోయారు. మేకప్ వేసేవారు బుగ్గలకు రంగు పూస్తూండగా కబురు వచ్చింది. దర్శకుడు గదిలో అందరి ముఖాలూ చూసి, చివరకు నా చేతిలో స్క్రిప్టు లాక్కుని, మేకప్ కుర్చీ చూపించాడు. ఆ రాత్రి ఒక్క మాట పోకుండా అప్పజెప్పాను. తెర పడగానే అందరూ వీపు తట్టారు. సంగీతం చూసిన హార్మోనిస్టు తాతగారు మాత్రం పెట్టె మూసుకుంటూ, "మాటలన్నీ వచ్చేసినాయి బాబూ. తమ్ముడు ఏడుస్తుంటే నువ్వు ఆ మాటల్ని వినలేదు, పెదవులతో అందిస్తున్నావు" అన్నారు. నిజమే. నా వంతు కాని మాటలకు కూడా నా పెదవులు కదులుతున్నాయట! ప్రాంప్టరును పొట్టలోంచి దింపుకోవడానికి నాకు మరో రెండేళ్ళు పట్టింది. ఎదుటివాడి పోర్షన్ మొత్తం తెలిసి ఉండి, దాన్ని ఆ క్షణానే మొదటిసారి వింటున్నట్టు వినడం, నా అనుభవంలో నటనంటే దాదాపు ఇంతే.

ఇక్కడితో కథ సుఖాంతం కావలసింది. కాలేదు. ఇది చెప్పకూడదనే అనుకున్నాను, మాట మీద మాట వచ్చింది కనుక చెబుతాను. అదే పాత్రను ఆ తర్వాత నాకే ఇచ్చారు. ఏడు ప్రదర్శనలు వేశాను. ఒక పెద్ద పోటీకి ఎంపికైన వారంలో, సెట్టింగు ఖర్చు భరించిన ఒక పెద్దమనిషి తమ బావమరిదికి నటనంటే ఇష్టమని చెప్పారు. మరునాడు రిహార్సల్‌కు వెళితే నా కుర్చీ నా పాత చోటనే, సైడ్ వింగులో వేసి ఉంది. స్క్రిప్టు దాని మీద పెట్టి ఉంది. ఎవరూ నాతో ఏమీ అనలేదు, అనవలసిన అవసరం కూడా వాళ్ళకు కనిపించలేదు. నేను కూర్చున్నాను. ఆ రాత్రి ఆ బావమరిదికి పద్నాలుగు చోట్ల మాట అందించాను. లెక్కపెట్టాను కాబట్టి తెలుసు. బహుమతి రాలేదు. వస్తే నా బాధ ఇంకా ఎక్కువయ్యేదా, తక్కువయ్యేదా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు.

నిర్వాహకులు చీటీ పంపించారు. పది నిమిషాలు ఉన్నదట. మంచిది, రెండో భాగం వదిలేస్తాను.

బతకడం గురించి చెప్పాలి. మన ప్రాంతపు నాటకం ప్రధానంగా ఉద్యోగస్థుల నాటకం. జొన్నలగడ్డ సోదరులనే తీసుకోండి: కన్యాశుల్కంలో రమణమూర్తిగారి గిరీశం, సోమయాజులుగారి రామప్పపంతులు దశాబ్దాల పాటు నడిచాయి; సోమయాజులుగారు అంతకాలమూ రెవెన్యూ శాఖలో పనిచేస్తూనే వేషం కట్టారు. 1980లో శంకరాభరణం సినిమా వచ్చేనాటికి ఆయనకు యాభై దాటింది. బళ్ళారి రాఘవ అంతటివారు కూడా న్యాయవాదిగానే జీవించారు.

పద్యనాటకం దారి వేరు. అక్కడ కాంట్రాక్టరు ఉంటాడు. ఊరివాళ్ళు అడిగిన కృష్ణుణ్ణి ఒక చోటు నుంచి, అర్జునుణ్ణి మరో చోటు నుంచి, దుర్యోధనుణ్ణి ఇంకో చోటు నుంచి మాట్లాడుకుని తెస్తాడు. ఒకే నాటకంలో ఇద్దరు కృష్ణులు కూడా ఉంటారు, పడక సీనుకొకరు, రాయబారానికొకరు. వాళ్ళు తరచు రిహార్సల్ లేకుండానే, మేకప్ గదిలో నమస్కారాలు అయ్యాక, నేరుగా రంగం మీదనే కలుసుకుంటారు. మన పీసపాటి నరసింహమూర్తిగారి కృష్ణుణ్ణి జనం తెల్లవారుజాము దాకా కూర్చుని చూశారంటే, పద్యంలోని మాట మాటగా వినిపించడం ఒక కారణమైతే, ఎదుట ఎవరు నిలబడినా వారి పద్యం ఎక్కడ ముగుస్తుందో తెలిసి ఉండటం మరో కారణం. మళ్ళీ నేను పక్కవాడి పోర్షన్ దగ్గరకే వచ్చాను. ఏం చేయను, నాకు తెలిసిందంతా అక్కడే ఉంది.

సాంఘిక నాటికల్లో నిజంగా వృత్తి అనదగినది చేసినవారు స్త్రీ పాత్రధారిణులు. మేమంతా జేబులో డబ్బు పెట్టి ఆడి, ఆ విషయం పదిమందికీ చెప్పుకునేవాళ్ళం. వాళ్ళు పారితోషికం తీసుకుని ఆడేవారు, దాన్ని మేము చిన్నచూపు చూసేవాళ్ళం. ఆ తప్పు ఈ సభలో ఒప్పుకుంటున్నాను. మా సమాజంలో చాలాకాలం నటించిన ఒక అమ్మ దగ్గర అట్ట వేసిన నోటు పుస్తకం ఉండేది. ఏ సమాజం, ఏ నాటిక, ఏ తేదీ, ఎంత అడ్వాన్సు, ఏ రంగు చీర, అన్నీ అందులో ఉండేవి. ఒకే పరిషత్తు నాటక పోటీల్లో మూడు రాత్రులు మూడు సమాజాల తరఫున, ఒకచోట తల్లిగా, ఒకచోట కోడలిగా, ఇంకొకచోట పిచ్చిదానిగా వేసేది. మేము రెండు నెలలు రిహార్సల్ చేసిన నాటికకు ఆమె చివరి రెండు రోజులకే వచ్చేది. వచ్చిన మొదటి రోజు తన మాటలు చెప్పేది కాదు. మూల కూర్చుని మా మాటలు రాసుకునేది. "నావి బస్సులో చదువుకున్నానండి, మీరెలా అంటారో తెలియాలి కదా" అనేది. ఈ సూత్రం నాకు ప్రాంప్టరు కుర్చీలో మూడేళ్ళకు తెలిసింది, ఆవిడకు ఇల్లు గడవాలి కనుక ముందే తెలిసింది.

ఇప్పటి కుర్రవాళ్ళు సెల్‌ఫోనులో తమ మాటలకు మాత్రం పసుపు రంగు పూసుకుని వస్తున్నారు. మిగిలిన పేజీలు వేలితో తోసేస్తున్నారు. పోటీల్లో ప్రాంప్టింగ్ వినబడితే న్యాయనిర్ణేతలు ముఖం చిట్లిస్తారని సమాజాలు ప్రాంప్టరునే మానేశాయి. పోటీ రోజున మానేయండి, నేను కాదనను. రిహార్సల్ గదిలో ఎందుకు మానేశారు? కొత్తగా వచ్చినవాడు ఇక ఎక్కడ కూర్చోవాలి?

రెండో చీటీ వచ్చింది, ముగిస్తున్నాను. మా సమాజం కొత్త నాటిక మొదలుపెడుతోంది. అయిదు పాత్రలు; అయిదూ నిండాయి. పాత్ర ఖాళీ లేదు. ప్రాంప్టింగుకు మనిషి కావాలి. సోమవారం నుంచి, సాయంత్రం ఏడు గంటలకు. టీ ఇస్తాం, ఫ్యాను ఉంది. నోటు పుస్తకం మీరే తెచ్చుకోవాలి. ఆసక్తి ఉన్నవారు సభ అయ్యాక నాకు కనబడండి. శాలువా మడత పెట్టుకుంటూ ఇక్కడే ఉంటాను.