ఆ ఒక్క సెంటీమీటరు

(విజయవాడలోని ఒక డిగ్రీ కళాశాలలో, విద్యార్థుల పరిశోధనల ప్రదర్శన రోజున ఫిజిక్స్ విశ్రాంత అధ్యాపకుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పొద్దున తొమ్మిదింటి నుంచి మీ పోస్టర్ల మధ్యే తిరుగుతున్నాను. కాళ్లు లాగుతుంటే ఈ స్టూలు తెప్పించుకున్నాను, ఏమీ అనుకోకండి. భోజనాలకు ఇంకా అరగంట ఉందని ప్రిన్సిపాల్ గారు అన్నారు గానీ సాంబారు వాసన అప్పుడే వచ్చేస్తోంది. త్వరగానే ముగిస్తాను.

నాలుగు పోస్టర్ల గురించి మాట్లాడతాను. ఒకటి లోలకం. ఒకటి హాస్టల్ పిల్లల నిద్ర. ఒకటి వేర్వేరు మతాల విద్యార్థుల స్నేహాలు. నాలుగోది ఓఆర్ఎస్ గురించి, అంటే విరేచనాలప్పుడు నీళ్లలో కలిపి తాగించే ఆ పొడి గురించి, తల్లులకు ఏం తెలుసన్నది. వీటికి ఒకదానితో ఒకటి ఏం సంబంధం అంటారా? నాకూ పదకొండింటిదాకా కనపడలేదు.

లోలకం పోస్టరు కిటికీ పక్కన ఉంది. సెకండియర్ అమ్మాయిది. ఇత్తడి గుండు, మీటరు పొడవు దారం, ఫోన్‌లో స్టాప్‌వాచ్. మీరంతా 'జీ వాల్యూ' అంటారే, ఆ గురుత్వ త్వరణం, అంటే కింద పడే వస్తువు వేగం సెకను సెకనుకూ ఎన్ని మీటర్లు పెరుగుతుందన్నది, 9.69 వచ్చింది. చార్టు మీద అన్నీ స్కెచ్ పెన్నుతో రాసి, ఆ ఒక్క అంకె మాత్రం పెన్సిల్‌తో రాసింది. ఇదేంటమ్మా అంటే, "తప్పొచ్చింది సార్, మధ్యాహ్నంలోపు సరిచేసేస్తాను" అంది.

సరిచేయడమంటే ఏమిటో నాకు బాగా తెలుసు. గుంటూరులో డిగ్రీ చదివే రోజుల్లో నేనూ సరిచేశాను. రికార్డులో సెంటీమీటర్లలో 980, అంటే మీటర్లలో 9.8, వెయ్యకపోతే సంతకం పడదు. అందుకని ముందు జవాబు రాసుకుని, అక్కణ్నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రీడింగులు పుట్టించేవాళ్లం. మా బ్యాచ్ మొత్తాన్నీ భూమి ఒకే బలంతో లాగింది, చివరి అంకెదాకా! మా మాష్టారు అన్నిటికీ ఎర్ర ఇంకుతో సంతకం పెట్టేశారు.

ఆ అమ్మాయి పక్క టేబుల్ మీద ఒక అబ్బాయి 9.81 రాశాడు. భూమి నిండు గుండ్రంగా లేదు, నడుము దగ్గర కాస్త ఉబ్బింది, పైగా తిరుగుతోంది. అందుకే జీ భూమధ్యరేఖ దగ్గర దాదాపు 9.78, ధ్రువాల దగ్గర 9.83 ఉంటుంది. లండన్‌లో 9.81. మన బెజవాడ పదహారున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి ఇక్కడ లెక్క ప్రకారం 9.784 రావాలి. ఫోన్ స్టాప్‌వాచ్‌తో ఒకసారి 9.81 వస్తే వింతేం లేదు. కానీ బాబుకి అయిదుసార్లూ అదే వచ్చింది. కృష్ణ ఒడ్డున కూర్చుని లండన్‌లో జీ ఎంతో చెప్పేశాడు.

ఇక 9.69. జీని లెక్కగట్టేది లోలకం పొడవు, అది ఊగే సమయం నుంచి. ఇరవై డోలనాలకు దాదాపు నలభై సెకన్లు పడుతుంది. బటన్ నొక్కడంలో వేలు ఒక ఐదో వంతు సెకను అటూ ఇటూ అయితే, జీ విలువ ఒక శాతం మారిపోతుంది. కాబట్టి మొదట నా అనుమానం ఆ వేలి మీదే. కానీ అమ్మాయి అయిదు రీడింగులూ చూపించింది. అన్నీ దగ్గర దగ్గరగా ఉన్నాయి, అన్నీ 9.7కి కిందే. వేలు తడబడితే కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువ రావాలి కదా. ఇవన్నీ ఒకే వైపు ఒరిగాయి. "పొడవు ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా కొలిచావమ్మా?" అని అడిగాను. గుండు పైన దారం కట్టిన చోట వేలు పెట్టింది. కొలవాల్సింది గుండు మధ్యదాకా. గుండు వ్యాసం రెండు సెంటీమీటర్లు ఉంటుందనుకుంటే, ఒక సెంటీమీటరు లెక్కలోకి రాలేదు. మీటరులో సెంటీమీటరంటే ఒక శాతం. 9.784లో ఒక శాతం తీసేయండి, ఎంతొస్తుందో.

అయిదుసార్లు కాక అయిదు వందలసార్లు ఊపినా ఆ సెంటీమీటరు తిరిగి రాదు. రీడింగులు పెంచితే వేలి తడబాటు సర్దుకుంటుంది, ఒకవైపు ఒరిగిన తప్పు మాత్రం అలాగే కూర్చుంటుంది. ఇది పట్టుకున్నాక మిగతా మూడు పోస్టర్ల దగ్గరికి మళ్లీ వెళ్లాను.

నిద్ర పోస్టరు గురించి రెండు ముక్కలే. 'హాస్టల్ విద్యార్థులు రాత్రి ఒంటిగంటకు గానీ పడుకోవడం లేదు' అని తేల్చారు. కావచ్చు. గూగుల్ ఫారం ఎప్పుడు పంపారయ్యా అంటే, రాత్రి పదకొండున్నరకు, వాట్సాప్ గ్రూపులో, సెమిస్టర్ పరీక్షల వారంలో! పడుకున్నవాళ్లు పొద్దున లేచేసరికి దాని మీద రెండొందల మెసేజ్‌లు పడి ఉంటాయి. ఫారం నింపిందెవరు మరి? మేలుకున్నవాళ్లు. ఇంకో మూడు హాస్టళ్లకు ఇలాగే పంపుదామనుకుంటున్నారట. వద్దు నాయనా.

మూడో పోస్టరు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. విషయం మంచిది, చేసిన ముగ్గురూ మూడు మతాల పిల్లలు, కష్టపడ్డారు. 'మీరు ఇతర మతాలను గౌరవిస్తారా?' అని అడిగితే అందరూ అవుననే అన్నారు. పిల్లలు సంతోషించారు. నాకు మా పాత రికార్డు పుస్తకం గుర్తొచ్చింది. ఎదుటివాడు ఏం వినాలనుకుంటున్నాడో తెలిసినప్పుడు మనిషి అదే చెబుతాడు. మర్యాద అది. కాదనే ధైర్యం ఎవరికుంటుంది, అడిగేది క్లాస్‌మేటే అయినప్పుడు?

అమెరికాలో లాపియర్ అనే ఆయన ఒక చైనా దంపతులతో కలిసి ఊళ్లన్నీ తిరిగాడు. చైనీయులంటే అక్కడ బాగా వ్యతిరేకత ఉన్న కాలం. 250కి పైగా హోటళ్లు, లాడ్జీలు చూస్తే, లోపలికి రావద్దన్నది ఒక్క చోట. తర్వాత అవే చోట్లకు ఉత్తరాలు రాసి, చైనావాళ్లను రానిస్తారా అని అడిగాడు. జవాబు రాసినవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా రానివ్వమన్నారు. 1934లో అచ్చయిన పరిశోధన ఇది. అక్కడ మాట కటువు, చేత మెత్తన. మన దగ్గర తిరగబడిందేమోనని నా అనుమానం.

అందుకని ఆ పిల్లలకు వేరే ప్రశ్నలు చెప్పాను. పోయిన నెలలో వేరే మతం స్నేహితుడింట్లో అన్నం తిన్నావా? వాళ్లమ్మగారి పేరు తెలుసా? అద్దె ఇంటికి వెళ్తే, పేరు చెప్పాక 'ఇప్పుడే ఎవరో అడ్వాన్స్ ఇచ్చేశారండీ' అన్నవాళ్లున్నారా? ఈ చివరిది అడిగేసరికి ముగ్గురిలో ఒక అబ్బాయి తల దించుకున్నాడు. మిగతా ఇద్దరూ వాడి వైపు చూశారు. మూడు నెలలుగా కలిసి పనిచేస్తున్నారు, వాడు ఆ మాట ఎప్పుడూ చెప్పలేదట.

గుణదల కొండ మీది మేరీమాత ఉత్సవాలకు ఫిబ్రవరిలో హిందువులు కూడా ఎంతోమంది వెళ్తారని పోస్టరులో రాశారు. నిజమే, మా ఇంట్లోవాళ్లూ వెళ్తారు. కానీ కొండెక్కి మొక్కు తీర్చుకోవడం వేరు, ఎదురింటి క్రైస్తవులతో రాకపోకలుండటం వేరు. మొదటిది చూసి రెండోది ఉందనుకుంటే పొరపాటే. నాస్తికోద్యమ నాయకుడు గోరా గారు ముదునూరులో అన్ని కులాలవాళ్లకూ సహపంక్తి భోజనాలు పెట్టించినప్పుడు చూసుకున్నది పంక్తిలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారన్నది. మీకు మెస్ ఉంది, రోజుకు మూడు పూటలు. ఎవరినీ ఏమీ అడక్కండి, రెండు వారాలు ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో రాసుకోండి, పేర్లు లేకుండా. నన్నడిగితే ఆ ఫారంకన్నా ఇదే నమ్ముతాను.

ఇక ఓఆర్ఎస్. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మన ఊళ్లో సింగ్ నగర్ మునిగింది, ఈ హాల్లో ఆ నీళ్లలో నడిచినవాళ్లు ఉండే ఉంటారు. అక్కడి తల్లులను ఈ పిల్లలు అడిగారు: విరేచనాలైతే ఏమివ్వాలి? దాదాపు అందరూ ఓఆర్ఎస్ అన్నారు. అవగాహన బాగుందని రాసేశారు. ఒక అమ్మాయి మాత్రం, ఈమెకు నా నమస్కారం, ఒకావిడకు ప్యాకెట్ ఇచ్చి "కలిపి చూపించండి ఆంటీ" అంది. ఆవిడ స్టీలు గ్లాసులో నీళ్లు పోసి ప్యాకెట్ మొత్తం వేసేసింది. ప్యాకెట్ మీద లీటరు అనే ఉంది. ఆ ఇంట్లో లీటరు కొలత ఏదీ? చెంబుందా, బిందె ఉందా? చివరికి వాటర్ బాటిల్ తెచ్చి చూపిస్తే, "అంత నీళ్లా!" అందట.

పెద్ద ప్యాకెట్‌లో 20.5 గ్రాములు ఉంటుంది. అందులో 13.5 గ్రాములు గ్లూకోజు, 2.6 గ్రాములు ఉప్పు, మిగతాది పొటాషియం క్లోరైడు, సిట్రేటు. గ్లూకోజు రుచి కోసం వేసింది కాదు. పేగు గోడలో గ్లూకోజు, సోడియం జంటగా లోపలికి వెళ్తాయి, వాటి వెనకే నీళ్లు వెళ్తాయి. అదే గ్లాసెడు నీళ్లలో మొత్తం కలిపేస్తే ద్రావణం చిక్కబడి, ఒంట్లో నీళ్లనే పేగులోకి లాగుతుంది. బిడ్డకు విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి, ఉప్పు కూడా మితిమీరుతుంది. తెలుసా అని అడిగితే తెలుసంటారు. కలిపి చూపించమంటే గ్లాసు బయటపడింది. మిగతా ఇళ్లకూ ఆ ప్యాకెట్లు పట్టుకుని మళ్లీ వెళ్లమన్నాను, ఎండ తగ్గాక.

లోలకం అమ్మాయిని 9.69 చెరపొద్దన్నాను. దాని మీదే స్కెచ్ పెన్నుతో దిద్దింది. గుండు వ్యాసం కొలవడానికి వెర్నియర్ కావాలి. అది ల్యాబ్ బీరువాలో ఉంది, బీరువా తాళం అటెండర్ గారి దగ్గరుంది, అటెండర్ గారు వడ్డన దగ్గరున్నారు. భోజనాలయ్యాక రెండున్నరకు ఆయన్ను పట్టుకుంటాం. రెండు సెంటీమీటర్లని నేను కంటితో చూసి చెప్పిందే. నా లెక్కా తప్పచ్చు. చూడాలనుకున్నవాళ్లు కిటికీ పక్క టేబుల్ దగ్గరికి రండి.