కుకీ అనుమతి ఎవరు అడగాలి: వెబ్‌సైటా, బ్రౌజరా?

[తెర మీద: ఒక వెబ్‌సైట్ మొదటి పేజీ. కింది సగాన్ని కప్పేసిన కుకీ బ్యానర్. ‘అన్నిటికీ ఒప్పుకుంటున్నాను’ బటన్ పెద్దగా, ‘సెట్టింగ్స్’ అన్న మాట సన్నగా.]

ఈ బ్యానర్ మీద ఇంకా ఏదీ నొక్కలేదు. నొక్కకుండానే ఎఫ్12 కొట్టి డెవలపర్ టూల్స్ తెరవండి. క్రోమ్‌లో అయితే అప్లికేషన్ ట్యాబ్, ఫైర్‌ఫాక్స్‌లో అయితే స్టోరేజ్ ట్యాబ్. ఎడమ పక్కన కుకీస్ అని ఉంటుంది, దాన్ని విప్పండి. చాలా సైట్లలో అప్పటికే కుకీలు, అంటే సైట్ మీ బ్రౌజర్‌లో దాచే చిన్న సమాచార ముక్కలు, వచ్చి చేరి ఉంటాయి. ‘మీరు ఒప్పుకుంటారా’ అన్న ప్రశ్న తెర మీద ఉండగానే, దేనికైతే ఒప్పుకోవాలో ఆ పని అయిపోయింది.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఈ ప్రశ్న అడగాల్సింది వెబ్‌సైట్ కాదు, బ్రౌజర్. దాన్ని బ్రౌజర్‌లోనే తేల్చేసే అవకాశం పరిశ్రమకి మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ వదిలేసుకుంది. ఆ ఖాళీలోకి చట్టం వచ్చింది. చట్టం అడిగింది సరైన ప్రశ్నే, కానీ ఆ ప్రశ్న వచ్చి కూర్చున్న చోటు సరైంది కాదు.

[తెర మీద ఒక్క లైన్:
సెట్-కుకీ: సెషన్=ఏ8ఎఫ్3; పాత్=/; సెక్యూర్; హెచ్‌టీటీపీఓన్లీ; సేమ్‌సైట్=లాక్స్]

కుకీ అంటే ఇంతే. సర్వర్ జవాబుతో పాటు ఈ హెడర్ పంపుతుంది. బ్రౌజర్ దాన్ని దాచుకుని, అదే సర్వర్‌కి మళ్లీ వెళ్లిన ప్రతిసారీ తిరిగి పంపుతుంది. బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతైన హెచ్‌టీటీపీకి జ్ఞాపకం లేదు. నిన్న లాగిన్ అయిన మనిషీ ఇవాళ పేజీ అడిగే మనిషీ ఒకరేనని దానికి తెలియదు. ఆ లోటు తీర్చడానికి 1994లో నెట్‌స్కేప్‌లో లూ మాంటూలీ కుకీని తయారుచేశారు.

చిక్కు థర్డ్ పార్టీ కుకీతో మొదలైంది. మీరు చూస్తున్న పేజీలో ఒక ప్రకటన బొమ్మ వేరే కంపెనీ సర్వర్ నుంచి వస్తోందనుకోండి. ఆ బొమ్మ కోసం వెళ్లిన రిక్వెస్ట్‌తో ఆ కంపెనీ కుకీ కూడా వెళ్తుంది. రేపు ఇంకో సైట్‌లో అదే కంపెనీ బొమ్మ ఉంటే, మళ్లీ అదే కుకీ. మీరు ఆ కంపెనీ గుమ్మం ఒక్కసారి కూడా తొక్కలేదు, అయినా మీరు తిరిగిన సైట్ల చిట్టా దాని దగ్గర పోగవుతుంది.

ఈ ప్రమాదాన్ని ఎవరూ ముందు ఊహించలేదనుకుంటే పొరపాటు. 1997 ఫిబ్రవరిలో వచ్చిన మొదటి కుకీ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 2109, దీన్ని స్పష్టంగా పట్టుకుంది. డేవిడ్ క్రిస్టల్, మాంటూలీ కలిసి రాసిన ఆ పత్రం చెప్పిందేమిటంటే, వాడేవాళ్లకి తెలియకుండా వేరే చోటికి వెళ్లే రిక్వెస్ట్‌లలో బ్రౌజర్ కుకీలను అనుమతించకూడదు. కావాలంటే ఆ సౌకర్యం ఒక సెట్టింగ్‌గా ఇవ్వొచ్చు, కానీ అది మొదట్లో ఆపేసి ఉండాలి. అప్పటి పెద్ద బ్రౌజర్లు ఆ నిబంధనను పట్టించుకోలేదు. చివరికి 2011లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6265 ఏం చేసిందంటే, ఎలా ఉండాలో చెప్పడం మానేసి, బ్రౌజర్లు నిజంగా ఎలా నడుస్తున్నాయో రాసింది. థర్డ్ పార్టీ కుకీల సంగతి బ్రౌజర్ల ఇష్టానికి వదిలేసింది. ప్రమాణం అంటే రాసినవాళ్ల మాట అనుకుంటాం. అమలు చేసేవాళ్లు కాదంటే అది ఉత్త కాగితం.

రెండో ప్రయత్నం పీ3పీ. వెబ్ ప్రమాణాలు రూపొందించే సంస్థ డబ్ల్యూ3సీ 2002లో ఆమోదించింది. సైట్ తన గోప్యతా విధానాన్ని యంత్రం చదవగలిగేలా చిన్న కోడ్‌లలో పంపాలి, బ్రౌజర్ దాన్ని బట్టి కుకీ తీసుకోవాలో వద్దో తేల్చాలి. ఆలోచన మంచిదే. కానీ దీన్ని గట్టిగా వాడిన బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఒక్కటే, అది కూడా సైట్ చెప్పింది నిజమో కాదో చూసేది కాదు. హెడర్‌లో అర్థంలేని మాటలు పెట్టినా లోపలికి రానిచ్చేది. కొన్ని పెద్ద సైట్లు ‘ఇది పీ3పీ పాలసీ కాదు’ అన్న వాక్యాన్నే ఆ హెడర్‌లో పెట్టి పంపాయి, కుకీ దిగిపోయింది.

మూడోది డూ నాట్ ట్రాక్. బ్రౌజర్ ప్రతి రిక్వెస్ట్‌తో ‘డీఎన్‌టీ: 1’ అని పంపుతుంది. ఇంతకన్నా తేలికైన ప్రమాణం ఉండదు. 2012లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 10 దీన్ని ముందే ఆన్ చేసి పెట్టింది. ‘ఇది మనిషి చేసిన ఎంపిక కాదు, మేం లెక్కచేయం’ అని ప్రకటనల పరిశ్రమ పట్టుబట్టింది. డబ్ల్యూ3సీ బృందం 2019 జనవరిలో పని ముగించేసింది. ఆ సంకేతాన్ని గౌరవించి తీరాలనే చట్టం ఆ రోజుల్లో ఎక్కడా లేదు, అసలు లోపం అదే.

[తెర మీద సంవత్సరాలు: 2002, 2009, 2018, 2019]

ఇక చట్టం. యూరోపియన్ యూనియన్ 2002లో ఈ-ప్రైవసీ డైరెక్టివ్ తెచ్చింది, 2009లో సవరించింది. అందులో ఆర్టికల్ 5(3) ప్రకారం, వాడేవాళ్ల పరికరంలో సమాచారం పెట్టాలన్నా, అందులో ఉన్నది చదవాలన్నా ముందు అనుమతి తీసుకోవాలి. ఆ వాక్యంలో కుకీ ప్రస్తావనే లేదని గమనించండి. అంటే లోకల్ స్టోరేజ్‌లో, అంటే బ్రౌజర్‌లోనే ఉండే ఇంకో నిల్వ చోట, పెట్టినా అదే నియమం. ‘మేం కుకీలు వాడట్లేదు కాబట్టి బ్యానర్ అక్కర్లేదు’ అని లోకల్ స్టోరేజ్‌లో ట్రాకింగ్ ఐడీ దాచే సైట్లకి ఈ సంగతి తెలిసినట్టు లేదు.

2018 మే 25న యూరప్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ అమల్లోకి వచ్చాక అనుమతి అనే మాటకి కొలతలు గట్టిపడ్డాయి. 2019 అక్టోబరు 1న ప్లానెట్49 కేసులో యూరప్ న్యాయస్థానం, ముందే టిక్ పెట్టి ఉంచిన పెట్టె అనుమతి కిందికి రాదని తేల్చేసింది. 2022 జనవరిలో ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ సీఎన్‌ఐఎల్, ఒప్పుకోవడం ఒక్క నొక్కుతో అయిపోతున్నప్పుడు కాదనడానికి అన్ని నొక్కులెందుకని గూగుల్‌కి 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కి 6 కోట్ల యూరోలు జరిమానా వేసింది.

మినహాయింపు కూడా అదే ఆర్టికల్‌లో ఉంది, దాన్ని చాలామంది చదవరు. వాడేవాళ్లు అడిగిన సేవ అందించడానికి తప్పనిసరైన కుకీకి అనుమతి అక్కర్లేదు. లాగిన్ సెషన్, షాపింగ్ కార్ట్, రద్దీని సర్వర్ల మధ్య పంచే లోడ్ బ్యాలెన్సర్ కుకీ ఈ కోవలోవే. మీ సైట్‌లో ఇవి మాత్రమే ఉంటే అనుమతి బ్యానరే అవసరం లేదు. గోప్యతా పేజీలో వివరం రాస్తే చాలు. అందరూ పెట్టారు కాబట్టి మనమూ పెడదామనుకుని, ఏ ట్రాకింగూ లేని సైట్ మీద కూడా రెడీమేడ్ బ్యానర్ తగిలిస్తున్నారు. ఆ బ్యానర్ స్క్రిప్ట్ తనంతట తాను వేరే సర్వర్‌ని పిలుస్తుంటే, లేని సమస్యని కొని తెచ్చుకున్నట్టే.

[తెర మీద: నెట్‌వర్క్ ట్యాబ్. ఒక రిక్వెస్ట్ ఎరుపు రంగులో.]

ఇప్పుడు ప్రోగ్రామర్ల సంగతి. ఫ్రేమ్‌వర్క్ సెషన్ లైబ్రరీని వాడటం వచ్చు, కానీ అది పంపే సెట్-కుకీ లైన్ చదవడం రాదు. ఇది మామూలైపోయింది, దీనికి మూల్యం పెద్దదే. రెండు చోట్ల దెబ్బ గట్టిగా తగులుతుంది.

మొదటిది డొమైన్. ‘డొమైన్=ఉదాహరణ.కామ్’ అని రాస్తే కుకీ ఆ ఒక్క హోస్ట్‌కే పరిమితమవుతుందని చాలామంది నమ్మకం. జరిగేది దానికి పూర్తిగా విరుద్ధం. అలా రాస్తే సబ్‌డొమైన్లన్నిటికీ కుకీ వెళ్తుంది. బయటివాళ్లకి అప్పగించిన బ్లాగ్ సబ్‌డొమైన్‌కి కూడా మీ లాగిన్ సెషన్ చేరుతుంది. ఒక్క హోస్ట్‌కే కావాలంటే డొమైన్ అసలు రాయకూడదు. ఇంకా గట్టి కట్టు కావాలంటే కుకీ పేరుని ‘__హోస్ట్-’ తో మొదలుపెట్టండి. అప్పుడు సెక్యూర్ (హెచ్‌టీటీపీఎస్‌లో మాత్రమే పంపమనే గుర్తు) లేకపోయినా, పాత్ ‘/’ కాకపోయినా, డొమైన్ రాసినా, బ్రౌజర్ ఆ కుకీని తీసుకోదు.

రెండోది పేమెంట్ దగ్గర కనిపించే వింత. మనిషి డబ్బు కట్టేశాడు, గేట్‌వే నుంచి మీ సైట్‌కి తిరిగొచ్చాడు, ఎదురుగా లాగిన్ పేజీ. టెస్టింగ్‌లో ఎన్నడూ రాలేదు, లైవ్‌లో కొందరికే వస్తోంది. కారణం ఇది. గేట్‌వే ఆ మనిషిని పోస్ట్ పద్ధతిలో (పేజీ అడిగే గెట్ కాకుండా, సమాచారం పంపే రిక్వెస్ట్‌తో) వెనక్కి పంపుతుంది. వేరే సైట్ నుంచి వచ్చే రిక్వెస్ట్‌తో కుకీ వెళ్లాలో వద్దో చెప్పేది సేమ్‌సైట్. సేమ్‌సైట్ లాక్స్ ఉన్న కుకీ వేరే సైట్ నుంచి వచ్చే పోస్ట్‌తో రాదు. 2020లో క్రోమ్ 80 నుంచి, సేమ్‌సైట్ రాయకుండా వదిలేసిన కుకీని కూడా లాక్స్‌గానే చూడటం మొదలైంది. అయితే అలా వదిలేసిన కుకీ పెట్టి 2 నిమిషాలు దాటకపోతే పోస్ట్‌తో కూడా పంపేలా ఒక సడలింపు ఇచ్చారు. టెస్ట్ చేసేవాళ్లు లాగిన్ అయిన 2 నిమిషాల్లోపే కట్టేస్తారు, అన్నీ పనిచేస్తాయి. నిజంగా కొనేవాళ్లు తాపీగా 10 నిమిషాలు చూసి కడతారు, సెషన్ రాదు.

దీనికి ‘సేమ్‌సైట్=నన్’ అని రాసేసి చేతులు దులుపుకునేవాళ్లున్నారు. అలా చేస్తే సీఎస్ఆర్ఎఫ్ దాడికి (వేరే సైట్ మీ లాగిన్‌ని వాడుకుని దొంగ రిక్వెస్ట్ పంపడానికి) తలుపు తీసినట్టే, పైగా సెక్యూర్ లేకపోతే బ్రౌజర్ ఆ కుకీనే తోసేస్తుంది. సరైన మార్గం, గేట్‌వే తిరిగొచ్చే అడ్రస్‌కి సెషన్ అవసరం లేకుండా చేయడం. అక్కడ గేట్‌వే సంతకాన్ని సర్వర్‌లో సరిచూసి, ఆర్డర్ నమోదు చేసి, 303 రీడైరెక్ట్ ఇవ్వండి. తర్వాతి రిక్వెస్ట్ గెట్ కాబట్టి లాక్స్ కుకీ దానితో వస్తుంది. సేమ్‌సైట్‌లో ఇంకా కఠినమైన విలువ స్ట్రిక్ట్ అయితే అప్పుడూ రాదు, గుర్తుంచుకోండి.

ఈ రెండింటికీ జవాబులు కోర్సుల్లో వెతికే పని లేదు. ఆర్‌ఎఫ్‌సీ 6265 నలభై పేజీలు కూడా ఉండదు. అందులో 5వ భాగం, బ్రౌజర్ కుకీని ఎలా దాచుతుందో అడుగడుగునా చెబుతుంది. సేమ్‌సైట్, ‘__హోస్ట్-’ మాత్రం అందులో ఉండవు, వాటికి దాని సవరణ ముసాయిదా 6265బిస్ చూడాలి. ప్రమాణ పత్రం చదవగలగడాన్ని మేం ఏ కొత్త ఫ్రేమ్‌వర్క్ కన్నా పెద్ద నైపుణ్యంగా లెక్కేస్తాం.

[తెర మీద: కొత్త ప్రైవేట్ విండో, డెవలపర్ టూల్స్ తెరిచి ఉన్నాయి.]

మీ సైట్‌నే పరీక్షించండి. ప్రైవేట్ విండోలో తెరిచి, బ్యానర్ ముట్టుకోకుండా కుకీలు, లోకల్ స్టోరేజ్ రెండూ రాసుకోండి. నెట్‌వర్క్ ట్యాబ్‌లో మీ డొమైన్ కానివాటిని విడిగా చూడండి. ఆ తర్వాత ‘వద్దు’ నొక్కి, పేజీ రిఫ్రెష్ చేసి, రెండు జాబితాలు పోల్చండి. మామూలుగా దొరికే తప్పులు ఇవే. విశ్లేషణ ట్యాగ్ పేజీ తలభాగంలో నేరుగా ఉండి, అనుమతి స్క్రిప్ట్ కన్నా ముందే నడుస్తుంది. లేదా పేజీలో పొదిగిన వీడియో ఐఫ్రేమ్ తన కుకీ తాను పెట్టేసుకుంటుంది. లేదా సర్వరే సెట్-కుకీ పంపేస్తుంది, బ్యానర్‌కి ఆ సంగతే తెలియదు.

‘వద్దు’ అన్నాక తుడిచేద్దామంటే అది కూడా అంత సులువు కాదు. కుకీని పేరు, డొమైన్, పాత్ మూడూ కలిసి గుర్తిస్తాయి. మ్యాక్స్-ఏజ్=0 తో తుడిచేటప్పుడు ఈ మూడింటిలో ఏది తేడా వచ్చినా పాతది అలాగే ఉంటుంది. హెచ్‌టీటీపీఓన్లీ ఉన్నదాన్ని పేజీలోని స్క్రిప్ట్ ముట్టుకోలేదు. వేరే కంపెనీ కుకీని మీరు తుడవనేలేరు. అందుకే ముందు లోడ్ చేసి తర్వాత తుడవడం కాదు, అనుమతి వచ్చేదాకా ఆ స్క్రిప్ట్‌ని లోడ్ చేయకపోవడమే పద్ధతి.

బ్రౌజర్ల వైపు కొంత కదలిక ఉంది. సఫారీ 2020 మార్చి నుంచి థర్డ్ పార్టీ కుకీలను పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఒక్కో సైట్‌కి వేరే కుకీ డబ్బా పెడుతోంది. 2020 జనవరిలో రెండేళ్లలో ఆపేస్తామన్న క్రోమ్ వాయిదాలు వేస్తూ వచ్చి 2024 జూలైలో ఆ ఆలోచన మానుకుంది. ఆర్‌ఎఫ్‌సీ 2109 కథే ఇది, మళ్లీ.

మాకు ఆశ ఉన్నది గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్ మీద. పని డీఎన్‌టీ లాంటిదే, హెడర్ ‘సెక్-జీపీసీ: 1’. తేడా ఎక్కడంటే, కాలిఫోర్నియా చట్టం ప్రకారం వ్యాపారాలు దీన్ని ‘నా సమాచారం అమ్మొద్దు’ అన్న అభ్యర్థనగా తీసుకోవాలి. 2022 ఆగస్టులో సౌందర్య సాధనాలమ్మే సెఫోరా సంస్థ 12 లక్షల డాలర్లకి రాజీ పడిన కేసులో, ఈ సంకేతాన్ని పట్టించుకోలేదన్నది ఒక ఆరోపణ. యూరోపియన్ కమిషన్ కూడా 2025 నవంబరులో, ఎంపికలను బ్రౌజర్ నుంచే యంత్రం చదవగలిగే సంకేతంగా పంపే ఏర్పాటును ప్రతిపాదించింది. చట్టం తెరనిండా బ్యానర్లు తెచ్చిపెట్టడం కన్నా, ఇలా ఒక హెడర్ వెనక నిలబడటం ఎంతో మేలు.

దాన్ని పాటించడానికి చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. సర్వర్‌లో ఆ హెడర్ చదవండి, విలువ 1 అయితే ప్రకటనల ట్యాగులు పేజీలో రాయకండి. సర్వర్ ముందు క్యాష్ (పేజీ నకలు దాచి ఇచ్చే పొర) ఉంటే, జవాబులో ‘వేరీ: సెక్-జీపీసీ’ పెట్టడం మరిచిపోవద్దు, లేదంటే వద్దన్న మనిషికి ఒప్పుకున్నవాళ్ల పేజీ వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఫైర్‌ఫాక్స్ గోప్యతా సెట్టింగ్స్‌లో ‘నా సమాచారం అమ్మొద్దని, పంచుకోవద్దని సైట్లకి చెప్పు’ అన్నదానికి టిక్ పెట్టి, మీ సైట్‌ని మళ్లీ తెరవండి. హెడర్ వెళ్తున్నా ప్రకటనల రిక్వెస్ట్‌లు కనిపిస్తుంటే, అవి ఏ ఫైల్ నుంచి మొదలయ్యాయో నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఇనిషియేటర్ కాలమ్ చూపిస్తుంది. సరిచేయాల్సింది ఆ ఫైల్‌నే.