పున్నమికి కాదు, అష్టమికి వెళ్దాం

సభలో ఉన్న మాస్టార్లకు, తల్లిదండ్రులకు, ముందు వరసల్లో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

పిల్లల్ని అబ్జర్వేటరీకి తీసుకెళ్దామనుకున్న బడి మొదట అడిగే మాట దాదాపు ఒకటే: "చందమామ బాగా కనబడాలి కదండీ, పున్నమికి పెట్టుకుందామా?" వద్దు. టెలిస్కోపుకు పున్నమి అంత పనికిరాని రాత్రి ఇంకొకటి లేదు. ఆ రోజు ఎండ చంద్రుడి మీద మనం చూసే వైపునుంచే తిన్నగా పడుతుంది. మిట్టమధ్యాహ్నం పొలంలో గట్ల నీడ కనబడనట్టే, అక్కడి కొండలకూ గుంతలకూ నీడ ఉండదు. నీడ లేకపోతే ఎత్తుపల్లాలు తెలియవు. ఒక తెల్లటి పళ్లెం కనిపిస్తుంది, కళ్లు జిగేలుమంటాయి. పైగా ఆ వెలుగులో మసక చుక్కలన్నీ మాయమైపోతాయి.

పంచాంగం తీసి శుక్ల సప్తమి, అష్టమి, నవమి ఎప్పుడొచ్చాయో చూడండి. చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు ఎడమైతే ఒక తిథి. అష్టమి మొదలయ్యేటప్పటికి ఆ ఎడం 84 డిగ్రీలు, ముగిసేటప్పటికి 96. అంటే సరిగ్గా సగం చంద్రుడు. వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర అప్పుడే తెల్లవారుతూ ఉంటుంది కాబట్టి ప్రతి కొండకూ పొడుగాటి నీడ, ప్రతి గుంతలోనూ సగం చీకటి. చిన్న టెలిస్కోపులో కూడా పిల్లలు "అమ్మో" అనేది ఆ గీత దగ్గరే. ఆ చంద్రుడు అర్ధరాత్రి వేళకు అస్తమిస్తాడు, ఆ తర్వాత చీకటి ఆకాశం కూడా దక్కుతుంది. నెబ్యులాలు (ఆకాశంలోని వాయు మేఘాలు), గెలాక్సీలే (చుక్కల మహా సమూహాలు) చూడాలనుకుంటే అమావాస్యకు అటూ ఇటూ నాలుగేసి రోజులు ఎంచుకోండి.

ఇక నెల. జూన్ నుంచి అక్టోబరు దాకా మనకు మబ్బు. అక్టోబరు తుఫాన్ల నెలని శ్రీకాకుళానికి ఒకరు చెప్పక్కర్లేదు, 2018లో తిత్లీ వచ్చింది అప్పుడే. నవంబరు మధ్యనుంచి ఫిబ్రవరి చివరిదాకా మంచి కాలం. అయితే డిసెంబరు, జనవరిల్లో నాగావళి, వంశధార పక్క ఊళ్లలో తెల్లవారుజామున పొగమంచు కమ్మేస్తుంది. అక్కడ పని పదకొండు లోపు ముగించుకోవడం మేలు.

రాత్రి కుదిరింది, తర్వాత సిద్ధం చేసుకోవాల్సింది కన్ను. వెలుతురులోంచి చీకట్లోకి వచ్చాక కంటిపాప పెద్దదవడానికి కొన్ని క్షణాలు చాలు. కానీ కంటి వెనుక పొర రెటీనాలో మసక వెలుగును పట్టే రాడ్ కణాలు పూర్తిగా మేలుకోవడానికి 20 నుంచి 30 నిమిషాలు కావాలి. ఈ మధ్యలో ఒక్కసారి ఫోను తెర చూస్తే ఆ నిరీక్షణంతా మళ్లీ మొదటికొస్తుంది. బస్సు దిగగానే వరసలో నిలబెట్టి, ఒకరి ముఖం మీద ఒకరు టార్చి వేసుకుంటూ చూపించేస్తే పిల్లలకు ఏమీ కనబడకపోవడం పిల్లల తప్పు కాదు. ఎరుపు వెలుగుకు రాడ్లు పెద్దగా స్పందించవు. పూలగుత్తులకు చుట్టే ఎర్ర కాగితాన్ని మూడు నాలుగు మడతలు వేసి టార్చికి రబ్బరు బ్యాండుతో కట్టండి. కిందకే పట్టుకోండి. చూసేటప్పుడు మరో కిటుకు ఓరచూపు. రెటీనా నడిమధ్యలో రాడ్లు ఉండవు కాబట్టి మసక వస్తువును సూటిగా చూస్తే మాయమవుతుంది, కొంచెం పక్కకు చూస్తే తేలుతుంది.

వరస లెక్క ముందే వేసుకోండి. మనిషికి 40 సెకన్లు అనుకుంటే 60 మంది పిల్లలకు ఒక్క వస్తువు చూపించడానికే 40 నిమిషాలు పడుతుంది. మోటారు లేని 6 అంగుళాల టెలిస్కోపు ఫోకల్ దూరం (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి ఉన్న దూరం) 1200 మిల్లీమీటర్లనుకోండి. 25 మిల్లీమీటర్ల ఐపీస్ (కన్ను పెట్టి చూసే చిన్న కటకం) పెడితే 48 రెట్లు పెద్దగా కనిపిస్తుంది, 10 మిల్లీమీటర్లది పెడితే 120 రెట్లు. 48 రెట్లలో దాదాపు ఒక డిగ్రీ ఆకాశం కనిపిస్తుంది, భూమి తిరగడం వల్ల చుక్క ఆ వెడల్పును నాలుగు నిమిషాల్లో దాటేస్తుంది. 120 రెట్లలో 100 సెకన్లకే జారిపోతుంది. అంటే ఇద్దరు పిల్లలు చూశాక మూడో పిల్లకు ఖాళీ ఆకాశం. ఆ పిల్ల సిగ్గుపడి "చూశాను" అని చెప్పి వెళ్లిపోతుంది. ఇది చాలాచోట్ల జరుగుతుంది, ఇంతకంటే బాధాకరమైనది నాకు కనిపించదు. కాబట్టి ప్రతి ఇద్దరికీ ఒకసారి నిర్వాహకులు మళ్లీ నడిమధ్యకు తేవాలి. చూసినవాళ్లను "ఏం కనిపించింది? నోటితో చెప్పు" అని అడగాలి. ఎత్తు చాలని పిల్లలకు కదలని స్టూలు వేయాలి, లేకపోతే టెలిస్కోపు గొట్టాన్నే పట్టుకుని వేలాడతారు.

ఐపీస్ దగ్గర చేతులు వెనక్కి కట్టుకోవాలి. కన్ను ఆనించకూడదు, ఒకటి రెండు సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. ఆనిస్తే రెప్పవెంట్రుకల జిడ్డు అంటుతుంది, అక్కడే ఊపిరి వదిలితే అద్దం మసకబారుతుంది. దూరం సరిగా కనబడక కళ్లజోడు పెట్టుకునేవాళ్లు జోడు తీసి ఫోకస్ మార్చుకోవచ్చు. సిలిండర్ పవరున్నవాళ్లు తీయొద్దు, దాన్ని ఫోకస్ సరిచేయలేదు.

పిల్లలకు ముందే నిజం చెప్పండి. ఫోటోల్లో ఎర్రగా మెరిసే మృగశిర నక్షత్రం ఉండే ఓరియన్ నక్షత్రరాశిలోని గొప్ప నెబ్యులా కంటికి బూడిదరంగు పొగలా ఉంటుంది. అంత మసక వెలుగులో రంగును పట్టే కణాలు పనిచేయవు. ఆండ్రోమెడా గెలాక్సీ ఒక మబ్బు మరక, ఆ మరక వెలుగు బయల్దేరి పాతిక లక్షల సంవత్సరాలైంది. గురుడి పక్కన నాలుగు చుక్కలు, గంట ఆగి మళ్లీ చూస్తే అవి జరిగి ఉంటాయి. శని వలయాలు 2025లో అంచు తిప్పుకుని గీతలా మారాయి, ఏటేటా విచ్చుకుంటూ 2032 ప్రాంతానికి బాగా వెడల్పుగా కనిపిస్తాయి. కృత్తికలు మాత్రం బైనాక్యులర్సులోనే అందం. మన పల్లెల్లో పిల్లలకోడి అంటారు చూడండి, పెద్ద టెలిస్కోపు పెడితే కోడి ఒకచోట, పిల్లలు ఒకచోట అయిపోతాయి.

బడి డాబా మీదే చిన్న టెలిస్కోపుతో చూపించాలనుకునేవారికి ఒక మాట. ఎండకు కాగిన స్లాబు రాత్రి పది దాకా వేడి వదులుతూనే ఉంటుంది. ఆ వేడిగాలిలోంచి చూస్తే శని గ్రహం నీటి అడుగున రాయిలా ఊగుతుంది. గడ్డి ఉన్న ఆటస్థలం మేలు. గదిలో ఉంచిన టెలిస్కోపును ముప్పావుగంట ముందే బయటపెట్టాలి, అద్దం చల్లబడాలి. తేమకు అద్దం చెమర్చితే గుడ్డతో తుడవొద్దు, పూత గీసుకుపోతుంది. గొట్టం మూతికి దాని వెడల్పుకు ఒకటిన్నర రెట్లు పొడవున నల్ల చార్టు చుట్టండి, సగం బెడద తీరుతుంది. కళింగపట్నం, బారువ తీరాల్లో దక్షిణాకాశం అద్భుతంగా ఉంటుంది గానీ ఉప్పుగాలి అద్దాల పూతను తినేస్తుంది. తీరానికి బైనాక్యులర్స్ తీసుకెళ్లి, వచ్చాక పైభాగం తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి.

ఆ దక్షిణాకాశం మన సొత్తు. శ్రీకాకుళం 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం. ధ్రువనక్షత్రం అందుకే ఉత్తరాన 18 డిగ్రీల ఎత్తులోనే కనిపిస్తుంది. బదులుగా ఫిబ్రవరి రాత్రుల్లో అగస్త్య నక్షత్రం దక్షిణాన 19 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. మే మధ్యలో రాత్రి తొమ్మిదికి సముద్రం పైన దక్షిణ శిలువ, పదింటికి 24 డిగ్రీల ఎత్తున ఒమేగా సెంటారి అనే గోళాకార గుచ్ఛం, అంటే బంతిలా ముద్దకట్టిన చుక్కల గుంపు. లదాఖ్‌లోని హాన్లే అబ్జర్వేటరీ నుంచి అది దిగంతానికి పది డిగ్రీలే పైకి లేస్తుంది.

దూరం వెళ్లాలనుకుంటే తమిళనాడు జవ్వాది కొండల్లో కావలూరు అబ్జర్వేటరీ ఉంది. 1986లో మొదలైన 2.3 మీటర్ల వైను బప్పు టెలిస్కోపు అక్కడిదే. ఆ పేరుగల ఖగోళ శాస్త్రవేత్త బప్పు హైదరాబాదులో పెరిగారు, తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేశారు. శనివారం సందర్శకులకు అవకాశం ఉంటుంది, బయల్దేరే వారం ఫోను చేసి ఖాయం చేసుకోండి. రాత్రి చూపించేది చిన్న టెలిస్కోపులోనే. పెద్దదానికి కన్ను పెట్టి చూసే పని లేదు, దాని వెనుక ఉండేది కెమెరా. దగ్గరలో విశాఖకు వెళ్తే డాబాగార్డెన్స్ గురించి పిల్లలకు చెప్పండి. 1840లో గోడే వెంకట జగ్గారావు అక్కడ సొంత అబ్జర్వేటరీ పెట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబాన్ని దాటడాన్ని చూసి లెక్కలు రాశారు.

పగలు సూర్యుణ్ణి చూపించేచోట ఫిల్టరు టెలిస్కోపు ముందు మూతికి ఉందో లేదో మాస్టార్లు స్వయంగా చూడాలి. ఐపీస్‌కు బిగించే చిన్న నల్లద్దం వేడికి పగిలితే కన్ను పోతుంది. గురి చూసుకోవడానికి టెలిస్కోపు పక్కన బిగించే చిన్న గొట్టమైన ఫైండర్‌కు మూత ఉండాలి.

అబ్జర్వేటరీ దాకా వెళ్లలేని బడికి అరసవల్లి ఉంది. మార్చి రెండో వారంలో, అక్టోబరు మొదటి రోజుల్లో కిరణాలు స్వామి పాదాలు తాకుతాయని అందరికీ తెలుసు. ఏడాదికి రెండుసార్లే ఎందుకో లెక్క వేయించండి. డిసెంబరు 21 నుంచి 80 రోజులు వెనక్కి వెళ్తే అక్టోబరు 2, ముందుకు వెళ్తే మార్చి 11. రెండు రోజుల్లోనూ సూర్యుడు తూర్పుకు దాదాపు నాలుగు డిగ్రీలు దక్షిణంగా ఉదయిస్తాడు.

అలాగే మే 13, జులై 31 ప్రాంతాల్లో సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన ఉంటాడు. విజయనగరానికి ఒక రోజు తేడా. శ్రీకాకుళంలో ఆ వేళ మేలో 11 గంటల 51 నిమిషాలకు, జులైలో 12 గంటల 1 నిమిషానికి. చదునైన నేలమీద మీటరు గొట్టాన్ని తాడు కట్టిన రాయితో నిటారు చూసి నిలబెట్టండి. నీడ గొట్టం కిందికి దూరిపోతుంది. పావుగంట ముందునుంచి నిమిషానికోసారి నీడ కొసన సుద్దముక్కతో చుక్క పెట్టించండి, ఆ చుక్కలు కలిపే పని పిల్లలకు వదిలేయండి.