నవ్వడం కూడా డ్యూటీయే

అందరికీ నమస్కారం. ఈ హాల్లో ఎక్కువమంది తిరుపతిలో లాడ్జీలు, హోటళ్లు నడిపేవాళ్లే. అందుకని మీ కౌంటర్ దగ్గరే మొదలుపెడతాను.

తెల్లవారుజామున మూడు గంటలు. బస్టాండ్ దగ్గర ఒక లాడ్జి. కొండ దిగి వచ్చిన కుటుంబం, గుండ్లకి రాసుకున్న గంధం ఇంకా ఆరలేదు. గదిలో వేడినీళ్లు రావడం లేదు. పెద్దాయన తమిళంలో కేకలేస్తున్నాడు. వెనకనుంచి ఇంకెవరో రూమ్ ఉందా అని హిందీలో అడుగుతున్నారు. కౌంటర్లో కుర్రాడు నవ్వు చెదరనీయకుండా "ఐదు నిమిషాలు సార్" అంటున్నాడు. ఇంకో గది ఇచ్చే అధికారం అతనికి లేదు. డబ్బులు తగ్గించే అధికారమూ లేదు. చేతిలో ఉన్నదల్లా ఆ నవ్వే.

1983లో అమెరికన్ సోషియాలజిస్ట్ ఆర్లీ హోష్‌చైల్డ్ దీన్ని, అంటే జీతం కోసం మనసులో మాట దాచి ముఖాన ఇంకోటి చూపించడాన్ని, ఎమోషనల్ లేబర్ అన్నారు. ఆమె ఎయిర్ హోస్టెస్‌లనూ, బాకీలు వసూలు చేసేవాళ్లనూ దగ్గరగా గమనించారు. ఒకరికి నవ్వడం డ్యూటీ, ఇంకొకరికి కసరడం డ్యూటీ. లోపల మండుతున్నా పైకి నవ్వడం ఒక పద్ధతి. 'పాపం, గంటల తరబడి క్యూలో నిలబడి వచ్చారు' అని నిజంగానే మనసు సర్దుకోవడం ఇంకో పద్ధతి. మొదటిదే మనిషిని ఎక్కువగా పిండేస్తుందని తర్వాత వచ్చిన చాలా పరిశోధనల్లో తేలింది. రెండోది మేలే కానీ, ఒక్క రాత్రిలో ఎన్నిసార్లని సర్దుకుంటాడు?

బర్నౌట్ మీద, అంటే పనిలో మనిషి పూర్తిగా అలసిపోయి చితికిపోవడం మీద, పరిశోధన చేసిన సైకాలజిస్ట్ క్రిస్టినా మాస్లాక్ ఇంకో మాట చెప్పారు. అలసట ముదిరితే ఎదుటివాళ్లు మనుషుల్లా కనిపించరు. "204లో పెద్దావిడకి మంచినీళ్లు కావాలంట" అన్న కుర్రాడే కొన్నాళ్లకి "204 మళ్లీ మొదలెట్టింది" అంటాడు. వీడికి పొగరు పెరిగింది అనుకుంటాం. అది పొగరు కాదు.

దీనికి మనవాళ్ల దగ్గర ఒకటే మందు. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని గోడకి అంటిస్తారు, లేదా చిరునవ్వు మీద ఒక పూట ట్రైనింగ్ పెడతారు. (నన్నూ పిలుస్తుంటారు. భోజనం బాగుంటుంది.) 1979లో పరిశోధకుడు రాబర్ట్ కరాసెక్ అమెరికా, స్వీడన్ ఉద్యోగుల వివరాలు పరిశీలించి చెప్పింది వేరు. పని ఒత్తిడి ఎక్కువగా ఉండి, సొంతంగా నిర్ణయం తీసుకునే వీలు లేనిచోటే మనిషి బాగా నలిగిపోతాడు.

కాబట్టి గది మార్చడం, చెకౌట్‌కి ఒక గంట ఎక్కువ ఇవ్వడం, కొంత మొత్తం తగ్గించడం, ఇవి ఆ కుర్రాడి చేతికి ఇవ్వండి. మూడింటికి ఎలాగూ మీరు ఫోన్ ఎత్తరు. "అధికారం ఇస్తే నొక్కేస్తారు సార్" అంటారు. నొక్కేవాడు ఇప్పుడూ నొక్కుతున్నాడు. కారణం రిజిస్టర్‌లో రాయమనండి, పొద్దున చూసుకోండి. పెద్ద గొడవ అయిపోయాక కౌంటర్లో ఇంకొకరిని నిలబెట్టి, అతన్ని టీకి పంపండి. అందరి ముందూ "సారీ చెప్పరా" అనడం మాత్రం మానేయండి. ఆ యాత్రికుడు రేపు ఊరెళ్లిపోతాడు, ఈ కుర్రాడు మీ దగ్గరే ఉండాలి.

ఇక ప్రశ్నలు. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చినవాళ్లు ఉంటే ముందు వాళ్లు అడగండి, ఓనర్లు తర్వాత.