పాట పాతదే, మరి వీళ్ళు చేసిందేంటి?

నమస్తే అండి. పోయిన వీడియోలో కమ్యూనిటీ జాజ్ ఆర్కెస్ట్రాల గురించి చెప్పాను కదా, పాత జాజ్ స్టాండర్డ్స్‌ని కొత్త అరేంజ్‌మెంట్లతో వాయించే వాళ్ళ గురించి. కింద కామెంట్లు చదివాను. "అన్నా, తాతల నాటి పాటలు వాయించి కొత్తవంటారేంటి" అని కొందరు, "రీమిక్స్ అని చెప్పొచ్చుగా" అని కొందరు, ఒకాయనైతే "ట్యూన్ వాళ్ళది కాదు, మరి వీళ్ళు చేసిందేంటి" అన్నారు. ఈ చివరి మాట నన్ను రెండు రోజులు వదల్లేదు. సినిమా పాటంటే ప్రాణమిచ్చే మనకి అరేంజర్ పని ఏంటో తెలియకపోవడం నాకు నిజంగా బాధగా ఉంది, అందుకే ఈ వీడియో.

మన నెల్లూరులో పెళ్ళి బ్యాండు చూడని వాళ్ళు ఉండరు. నేను కావలిలో ఒక పెళ్ళికి వెళ్ళాను, ఎదురుకోలు ఊరేగింపులో బ్యాండు ఒక పాత సినిమా పాట ఎత్తుకుంది. ఆ పాట రికార్డులో ఇరవై వయొలిన్లు, ఒక వేణువు, పాడే ఇద్దరు, వెనక కోరస్. బ్యాండులో ఇవేవీ లేవు. రెండు క్లారినెట్లు, రెండు ట్రంపెట్లు, ఒక శాక్సఫోన్, డ్రమ్ములు, అంతే. మాస్టరు ఏం చేశాడంటే పల్లవి క్లారినెట్లకిచ్చాడు, వయొలిన్ బిట్టు శాక్సఫోన్‌కి ఇచ్చాడు, ట్రంపెట్లని పల్లవి చివరి లైన్లో మాత్రమే లేపాడు. ఎందుకలా అని తర్వాత అడిగితే "విడిది నుంచి మండపం దాకా గంట నడక బాబూ, మొదటి నుంచీ ఊదితే వాళ్ళ పెదాలు మొద్దుబారతాయి" అన్నాడు. ట్యూన్ ఆయనది కాదు. కానీ ఎవరు ఎప్పుడు ఎత్తుకోవాలి, ఎవరు ఎక్కడ ఆగాలి అన్నదంతా ఆయనదే. అరేంజ్‌మెంట్ అంటే అదే.

ఇప్పుడు జాజ్‌కి వద్దాం. స్టాండర్డ్స్ అంటే ఎక్కువగా 1920ల నుంచి 40ల దాకా అమెరికా నాటకాల్లో, సినిమాల్లో వచ్చిన పాటలే, వాయించే వాళ్ళందరికీ నోటికి వచ్చినవి. చాలా వాటి నడక 32 ఆవర్తాలు: పల్లవి లాంటిది ఎనిమిది, మళ్ళీ అదే ఎనిమిది, మధ్యలో వేరే ఎనిమిది, మళ్ళీ మొదటి ఎనిమిది. అందరికీ తెలిసిన నడక కాబట్టే దాంతో ఎన్ని రకాలుగానైనా ఆడుకోవచ్చు. జార్జ్ గెర్ష్విన్ అనే అమెరికా స్వరకర్త 1935లో వచ్చిన ఒక ఆపెరా (మొత్తం పాటల్లోనే నడిచే నాటకం) కోసం 'సమ్మర్‌టైమ్' అని జోలపాట కట్టాడు, తల్లి బిడ్డకి పాడే పాట. 1958లో గిల్ ఎవాన్స్ అనే అరేంజర్ దాన్ని మైల్స్ డేవిస్ ట్రంపెట్ కోసం మళ్ళీ రాశాడు. పాడే మనిషి లేదు, మాటలు లేవు. ట్రంపెట్ ట్యూన్ నడుపుతుంటే వెనక మిగతా వాయిద్యాలు ఒక చిన్న ముక్కనే మళ్ళీ మళ్ళీ వేస్తుంటాయి. రెండూ ఒకదాని తర్వాత ఒకటి వినండి. మొదటిదాన్ని చెరిపేయకుండానే రెండోది వేరే ఇల్లు కట్టుకుంది. దీన్ని రీమిక్స్ అంటే నేను ఒప్పుకోను.

(కీబోర్డు దగ్గరికి)

ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. మన కచేరీలో ట్యూన్ ఒక్కటే గీతలా వెళ్తుంది, వయొలిన్ దాని వెంట నడుస్తుంది. ఇక్కడ అలా కాదు. చూడండి, పైన అంతర గాంధారం పట్టుకున్నాను. కింద షడ్జమం, పంచమం పెడితే హాయిగా ఉంది కదా. ఇప్పుడు గాంధారాన్ని కదపకుండా కింద చతుశ్రుతి ధైవతం, షడ్జమం పెడుతున్నా. (వాయించి) పై స్వరం అదే, కానీ దిగులు వచ్చేసింది. బిగ్ బ్యాండు అంటే పెద్ద జాజ్ బృందం, అందులో మామూలుగా ఐదు శాక్సఫోన్లు, నాలుగు ట్రంపెట్లు, నాలుగు ట్రాంబోన్లు, పియానో, గిటార్, బేస్, డ్రమ్స్, మొత్తం 17 మంది. ఐదు శాక్సఫోన్లలో పైది ట్యూన్ అయితే కింద నాలుగూ ఏ స్వరాలు పట్టాలో అరేంజర్ ఒక్కొక్కటీ రాయాలి, పాట పొడుగునా. పైగా పియానోలో సి మోగాలంటే ట్రంపెట్ కాగితం మీద డి అని, ఆల్టో శాక్సఫోన్ కాగితం మీద ఏ అని రాయాలి, ఆ వాయిద్యాల శ్రుతి వేరు కాబట్టి. నాలుగు నిమిషాల పాటకి ఎన్ని రోజుల పనో ఆలోచించండి.

కమ్యూనిటీ ఆర్కెస్ట్రాలో ఇంకో కష్టం ఉంది. అక్కడ వాయించే వాళ్ళు పగలు ఉద్యోగాలు చేసుకునే టీచర్లు, నర్సులు, రిటైరైన వాళ్ళు, తీరిక దొరికిన సాయంత్రం రిహార్సల్‌కి వస్తారు. ఒకరికి పై స్వరాలు అందవు, ఒకరు మెల్లగా ఊదితే చాలా బాగా ఊదుతారు. మన కావలి మాస్టరు పెదాల లెక్క చూసుకున్నట్టే అరేంజర్ కూడా చూసుకుంటాడు. డ్యూక్ ఎలింగ్టన్ అని పేరున్న జాజ్ బృందం నాయకుడైతే కాగితాల మీద వాయిద్యం పేరుకి బదులు వాయించే మనిషి పేరు రాసేవాడు. దుకాణంలో కొన్న అరేంజ్‌మెంట్‌కి, మీ బృందం కోసమే రాసిన దానికి తేడా అక్కడే.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. "జాజ్ అంటే ఎవరిష్టం వాళ్ళు వాయించడమేగా, కాగితం ఎందుకు" అంటారు. సోలో కోసం అరేంజరే చోటు ఖాళీగా వదులుతాడు, అక్కడ కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) ఎక్కడ మారుతుందో గుర్తులు మాత్రం ఉంటాయి, వెనక ఎవరు తోడు ఊదాలో రాసే ఉంటుంది. శాక్సఫోన్లు ఒక మాటంటే ట్రంపెట్లు బదులు చెప్పే పద్ధతి 1920ల్లో డాన్ రెడ్‌మన్, ఫ్లెచర్ హెండర్సన్ అనే అరేంజర్లు గట్టిగా నిలబెట్టారు. చివర్లో అందరూ ఒక్కసారిగా లేచే ఘట్టాన్ని షౌట్ కోరస్ అంటారు, దాని గురించి విడిగా ఒక వీడియో చేయాలి.

ఈలోపు ఒక పని చేయండి. వచ్చే ముహూర్తాల్లో మీ వీధిలో బ్యాండు వెళ్తుంటే ఫోన్లో రికార్డు చేయండి. పల్లవి ఎవరికిచ్చారు, వయొలిన్ బిట్టు ఎవరు ఎత్తుకున్నారు, ట్రంపెట్ ఎక్కడ ఆగి ఎక్కడ లేచిందో కింద రాయండి. నేను అన్నీ చదువుతాను.